340 మందే అన్నారు, ఏం చూస్తున్నారో చెప్పలేదు

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది డిగ్రీలో చేరాలి. లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి. కానీ పొద్దస్తమానం ఫోన్ పట్టుకుని ఆ వీడియోలే. రెండేళ్లుగా యూట్యూబ్ ఛానల్ నడుపుతున్నా 340 మందే సబ్‌స్క్రైబర్లు. వాడి ఈడువాళ్లు కొందరు దీంతోనే బోలెడు సంపాదిస్తున్నారని గ్రూపుల్లో చూస్తున్నాం. ఇప్పుడు కంటెంట్ క్రియేషన్ డిప్లొమా చేస్తానంటున్నాడు. అదా, కంప్యూటర్ సైన్సా, జర్నలిజమా? పోల్చి చెప్పండి. ఛానల్ లింక్ పంపుతున్నాను. - ఒక తండ్రి

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. మార్కులు మారతాయి, ఊళ్లు మారతాయి, ‘ఆ వీడియోలు’ అన్న మాట మాత్రం మారదు. అవి దేని గురించో చాలామంది రాయరు. మీరూ రాయలేదు. లింక్ పంపారు కాబట్టి నేను చూశాను. మీరు చూసినట్టు లేరు.

మీవాడు సాలీళ్లను తీస్తున్నాడండీ. గెంతే సాలీడు మీద మూడు నిమిషాల వీడియో ఒకటుంది. అది గోడ మీద నాలుగడుగులు వేసి, గిర్రున కెమెరా వైపు తిరిగి ఆగిపోతుంది. ముందున్న రెండు పెద్ద కళ్లలో కిటికీ వెలుగు మెరుస్తుంది. వల పన్నకుండా అది ఎలా వేటాడుతుందో మీవాడు ఎక్కడా తడబడకుండా చెప్పాడు. ఒక్కచోట మాత్రం నోరు జారి కీటకం అనేశాడు. చూసినవాళ్లలో ఒకరు ఊరుకోలేదు. ఎనిమిది కాళ్లున్నది కీటకం ఎలా అవుతుందని కింద అడిగారు. మీవాడు ఆ కామెంట్ తీసేయలేదు. ‘నిజమే, తప్పు చెప్పాను’ అని జవాబు రాసి, దాన్నే అందరికంటే పైన పిన్ చేశాడు. తలపండిన సంపాదకులు కూడా సవరణను లోపలి పేజీ మూలన వేసుకుంటారు!

కాస్త కటువుగానే అంటాను, ఏమనుకోకండి. వీడియోలు వద్దని మీరు అనడం లేదు. 340 మందే అంటున్నారు. అదే మూడు లక్షలైతే ఈ ఉత్తరం రాసేవారా? మీ అసలు బెంగ వాడు చెడిపోతాడని కాదు, ఈ పరుగులో వెనకబడ్డాడని. గ్రూపులోకి వచ్చేది గెలిచినవాడి ఫొటోనే. ఏడాది తంటాలు పడి ఛానల్ మూసేసుకున్నవాళ్ల గురించి ఎవరూ ఫార్వార్డ్ చేయరు కదా.

ఒక చిన్న లెక్క చూడండి. పూర్తి నిడివి వీడియోలతో యూట్యూబ్ ప్రకటనల్లో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. మనిషికి సగటున నాలుగు నిమిషాలు చూశారనుకుంటే 60,000 సార్లు చూడాలి. అంత చేసినా తలుపు తెరుచుకుంటుందంతే. ఆపైన వచ్చే ప్రకటనల డబ్బులో 55 శాతం మీవాడికి, మిగతాది కంపెనీకి. షార్ట్స్ అనే చిన్న వీడియోల దారిలో వెళ్లాలంటే 90 రోజుల్లో కోటి వ్యూస్ కావాలి. దీన్ని నమ్ముకుని చదువు ఆపమని నేనెవరికీ చెప్పను.

ఇక ఆ డిప్లొమా. దాని మీద నాకు నమ్మకం లేదు, దాచుకోను. వైన్ అనే యాప్ మీకు గుర్తుండకపోవచ్చు. ఆరు సెకన్ల వీడియోలు పెట్టుకునేది. 2013 జనవరిలో వచ్చింది, 2017 జనవరిలో మూతపడింది. అది వచ్చిన ఏడాది నాలుగేళ్ల కోర్సులో చేరినవాళ్లు పట్టా పుచ్చుకునే నాటికి యాప్ లేదు, దాని మీద పేరు తెచ్చుకున్నవాళ్లు వేరే చోట మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు. పెద్ద సంస్థలకూ ఈ దెబ్బ తప్పలేదు. ఫేస్‌బుక్‌లో ఇక వీడియోలదే రాజ్యమని నమ్మి కొన్ని వార్తాసంస్థలు రాసేవాళ్లను తీసేసి వీడియో బృందాలను పెట్టుకున్నాయి. జనం వీడియోలు సగటున ఎంతసేపు చూస్తున్నారో ఎక్కువ చేసి చూపించామని ఫేస్‌బుక్ 2016లో ఒప్పుకుంది. 2018 జనవరిలో న్యూస్ ఫీడ్‌ను మార్చి, స్నేహితుల, బంధువుల పోస్టులకు పెద్దపీట వేసి, వార్తాసంస్థల పోస్టులను వెనక్కి నెట్టింది. లోపలివాళ్లకే అంతుపట్టని ఆటను ఆరు నెలల సిలబస్ ఏం నేర్పుతుంది? ఎడిటింగ్, థంబ్‌నెయిల్, హ్యాష్‌ట్యాగ్... ఇవి మీవాడికి ఇప్పటికే వచ్చు. వచ్చినదానికి ఫీజు కట్టడం దేనికి?

అలాగని ఈ రెండేళ్లూ గాలికి పోలేదు. ఇది మీకు నచ్చజెప్పడానికి అంటున్న మాట కాదు. ఐనాచురలిస్ట్ అనే వేదిక 2008లో అమెరికాలోని బెర్క్‌లీ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది. ఎవరైనా తాము చూసిన పురుగు, మొక్క, పిట్ట ఫొటో పెడతారు, తెలిసినవాళ్లు అదేమిటో గుర్తుపడతారు. సరదాగా పోగైన ఆ ఫొటోలే ఇవాళ శాస్త్రవేత్తల పరిశోధనలకు డేటా. ఫొటో చూసి జాతిని పోల్చే సాఫ్ట్‌వేర్‌కు శిక్షణ ఇచ్చిందీ వాటితోనే. వార్తల్లోనూ ఇదే జరిగింది. అప్పటికి జర్నలిస్టు కాని ఎలియట్ హిగ్గిన్స్ అనే అతను ఇంట్లో కూర్చుని సిరియా యుద్ధం వీడియోలను పరిశీలించడం మొదలుపెట్టి, 2014లో బెల్లింగ్‌క్యాట్ అనే సంస్థను స్థాపించాడు. జనం పెట్టిన ఫొటోల్లో నీడలు, భవనాలు, రోడ్లు పోల్చి ఏది ఎక్కడ తీశారో తేల్చడం వాళ్ల పని. ఈ రెండు చోట్లా అక్కరకొచ్చేది ఓపిగ్గా చూసే కన్ను, తప్పును ఒప్పుకునే గుణం. సాలీడు వీడియోలో రెండూ ఉన్నాయి.

పోల్చమన్నారు కదా, క్లుప్తంగా చెప్తాను. జర్నలిజం ఏ డిగ్రీ తర్వాతైనా చదవొచ్చు, తొందర లేదు. కంప్యూటర్ సైన్స్ మంచిదే, లెక్కలు ఇష్టంగా చేస్తుంటే. మార్కులు వచ్చాయి కాబట్టి చేర్చేస్తామంటే మాత్రం వద్దు. నా ఓటు జీవశాస్త్రంతో పాటు స్టాటిస్టిక్స్ ఉన్న డిగ్రీకి. ప్రోగ్రామింగ్ పక్కన నేర్చుకోవచ్చు. ఛానల్ వారానికి ఒక వీడియోతో నడవనివ్వండి. ఫోన్ మాత్రం లాక్కోకండి, వాడి కెమెరా అదే.

ఇంకొకటి. లెక్కల మార్కులు మాత్రమే రాశారు. జీవశాస్త్రంలో ఎన్ని వచ్చాయో వాణ్నే అడిగి రాయండి. అడిగేముందు ఆ మూడు నిమిషాల వీడియో చూడండి. వ్యూస్ ఎన్నో చూసి ఆగిపోకుండా, చివరిదాకా.