మూత్రపిండాలు రోజుకు 180 లీటర్లు వడగడితే, మూత్రం లీటరున్నరే ఎందుకు వస్తుంది?

వడగట్టిన ద్రవంలో దాదాపు 99 శాతం తిరిగి రక్తంలోనే కలుస్తుంది కాబట్టి, మిగిలిన కొద్దిపాటి నీరే మూత్రంగా బయటికి వస్తుంది. ఒక్కో మూత్రపిండంలో నెఫ్రాన్లు అనే అతిచిన్న వడపోత భాగాలు సుమారు 10 లక్షలు ఉంటాయి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో ఉండే కేశనాళికల గుచ్ఛం రక్తకణాలను, పెద్ద ప్రోటీన్లను మాత్రం ఆపి, నీరు, లవణాలు, గ్లూకోజు, యూరియా అన్నింటినీ కలగలుపుగానే వదిలేస్తుంది, ఆ తరువాత పొడవాటి సన్నని నాళిక శరీరానికి కావలసినవాటిని వెనక్కి తీసుకుంటుంది. పండగకు ముందు ఇల్లంతా ఖాళీ చేసి, పనికొచ్చే సామాను మాత్రమే తిరిగి సర్దుకున్నట్టన్నమాట.

ఎండలో బాగా చెమట పట్టిన రోజున వాసోప్రెసిన్ హార్మోను పెరిగి మరింత నీటిని వెనక్కి రప్పిస్తుంది, అందుకే మూత్రం తక్కువగా, ముదురు పసుపు రంగులో వస్తుంది. మూత్రపిండాలు రక్తంలోని చెడును మాత్రమే ఏరి పారేస్తాయని చాలామంది అనుకుంటారు గానీ, అవి ప్రధానంగా ఏరుకునేది మంచినే.