అమెరికాలో నల్లజాతి తల్లిదండ్రులు పిల్లల గురించి నిజంగానే అంత భయపడతారా, లేక వార్తల్లో ఎక్కువ చేసి చూపిస్తారా?

భయపడతారు. పన్నెండేళ్ళుగా అట్లాంటా పక్కన ఉంటున్నాను. మా పక్కింటివాళ్ళు నల్లజాతివాళ్ళే. వాళ్ళబ్బాయీ మావాడూ ఒకే క్లాసు. వాళ్ళబ్బాయి పదో పుట్టినరోజుకి నీళ్ళు చిమ్మే తుపాకీ బొమ్మ కొనిచ్చాం. మర్నాడు వాళ్ళమ్మ దాన్ని కవరుతో సహా తెచ్చి, "ఏమీ అనుకోకు, మా ఇంట్లో ఇవి ఉంచుకోం" అంది. నాకు మనసు చివుక్కుమంది.

అప్పుడు గుమ్మంలోనే నిలబడి టమీర్ రైస్ సంగతి చెప్పింది. 2014 నవంబరు, క్లీవ్‌ల్యాండ్. పన్నెండేళ్ళ పిల్లాడు పార్కులో బొమ్మ తుపాకీతో ఉన్నాడు. పోలీసులకు ఫోన్ చేసిన మనిషి "అది బొమ్మే అయ్యుంటుంది" అని కూడా అన్నాడు, ఆ మాట కారులో వస్తున్నవాళ్ళ దాకా చేరలేదు. వచ్చిన రెండు సెకన్లలో కాల్చేశారు. ఆ పోలీసు మీద క్రిమినల్ కేసు కూడా పెట్టలేదు.

పిల్లలు కాస్త ఎదగ్గానే కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్తారు, దాన్ని వాళ్ళు 'ద టాక్' అంటారు. పోలీసు ఆపితే చేతులు కనబడేలా పెట్టు, ఎదురు మాట్లాడకు, షాపులో జేబుల్లో చేతులు పెట్టుకోకు, హుడీ తల మీదకి లాక్కోకు. పోనీ ఇవన్నీ పాటిస్తే గండం గట్టెక్కినట్టేనా అంటే అదీ లేదు. 2016లో మినెసోటాలో ఫిలాండో కాస్టీల్ అనే నల్లజాతి మనిషి, కారు ఆపిన పోలీసుకి తన దగ్గర తుపాకీ ఉందని తనంతట తనే మర్యాదగా చెప్పాడు, దానికి పర్మిట్ కూడా ఉంది. అయినా కారులోనే కాల్చేశారు. వెనక సీట్లో నాలుగేళ్ళ పాప ఉంది.

2017లో కాన్సస్‌లో మన తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను జాతి ద్వేషంతో చంపినప్పుడు మా అమ్మ రోజూ ఫోన్ చేసి "బయట తెలుగులో గట్టిగా మాట్లాడకండే" అనేది. ఆ టెన్షన్ మాకు ఓ నాలుగు నెలలుంది, తర్వాత మర్చిపోయాం. పక్కింటావిడకి అలా మర్చిపోయే వీలు లేదు, వాళ్ళ తాత కూడా వాళ్ళ నాన్నకి ఇవే జాగ్రత్తలు చెప్పాడట. (ఇల్లు కొనేముందు "ఆ ఏరియాలో నల్లవాళ్ళు ఎక్కువా?" అని అడిగేదీ మనవాళ్ళే. నేనూ అడిగాను.)

మొన్న పిల్లలిద్దరినీ షాపుకి తీసుకెళ్ళాను. చెరో చాక్లెట్ కొనుక్కున్నారు. మావాడు బిల్లు అక్కడే చెత్తబుట్టలో పడేశాడు. వాడు మాత్రం బిల్లు అడిగి మరీ తీసుకుని, ఇల్లు చేరేదాకా గుప్పిట్లోనే పట్టుకున్నాడు. కారు దిగేసరికి అది చెమటకి మెత్తబడిపోయింది.