‘మెఫిస్టో’ తీసిన సాబో గురించి మీరడిగినవి

ప్రశ్న: హంగరీ దర్శకుడు ఇష్ట్వాన్ సాబో తీసిన ‘మెఫిస్టో’ చూసి కదిలిపోయాను. తర్వాత ఆయన గురించి వెతికితే ఒకప్పుడు రహస్య పోలీసులకు ఇన్ఫార్మర్‌గా పనిచేశాడని తెలిసి మనసు విరిగిపోయింది. ఇక ఆయన సినిమాలు చూడాలా, మానేయాలా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: చూడండి. కాకపోతే ఆ సంగతి పక్కన పెట్టి కాదు, గుర్తుపెట్టుకునే చూడండి. మీరు చదివింది నిజమే. 1956లో సోవియట్ పెత్తనం మీద హంగరీ జనం తిరగబడితే ట్యాంకులు వచ్చి అణిచేశాయి, ఆ వెనకే అరెస్టులు, ఉరిశిక్షలు. సాబో 1938లో పుట్టాడు, అంటే అప్పటికి ఇంకా కుర్రాడు, బుడాపెస్ట్ ఫిల్మ్ అకాడమీలో విద్యార్థి. పోలీసులు ఆయన చేత తోటివాళ్ల మీద రిపోర్టులు రాయించుకున్నారు. 2006లో ఒక హంగేరియన్ వారపత్రిక బయటపెట్టేదాకా లోకానికి ఈ విషయం తెలీదు. తిరుగుబాటులో పాల్గొన్న ఒక సహవిద్యార్థిని కాపాడటానికే ఆ పని చేశానని ఆయన మొదట్లో చెప్పుకున్నాడు. నాకైతే ఆ జవాబు సరిపోలేదు. భయపెట్టినవాళ్లదే పెద్ద తప్పు, కానీ రాసిన చెయ్యి మాత్రం ఆయనదే.

ఇప్పుడు ‘మెఫిస్టో’ మళ్లీ గుర్తుచేసుకోండి. నాజీలు రాకముందు వామపక్ష నాటకాలాడిన నటుడు హెండ్రిక్ హోఫ్‌గెన్, వాళ్లొచ్చాక స్టేజీ వదులుకోలేక, ఒక్కో మెట్టు దగ్గరా ‘ఇంతవరకే’ అనుకుంటూ, మధ్యమధ్యలో ఒకరిద్దరు స్నేహితుల్ని కాపాడి దాంతో తన మనసుకు సర్దిచెప్పుకుంటూ, చివరికి ప్రభుత్వ థియేటర్‌కే అధిపతి అవుతాడు. క్లాస్ మాన్ 1936 నాటి నవల దీనికి ఆధారం. ఆ నవలకు మూలమైన నిజం నటుడు గుస్తాఫ్ గ్రూండ్‌గెన్స్ ఒకప్పుడు స్వయానా రచయితకు బావ. అంటే కథ సాబోది కాదు, కానీ దాన్ని అంత లోపలినుంచి తీసింది ఆయనే. హోఫ్‌గెన్‌ని ఆయన రాక్షసుడిగా చూపించడు, వెనకేసుకురాడు కూడా.

ఇంకా ముందుకెళ్తే 1966లోనే తీసిన ‘ఫాదర్’లో ఒక సీనుంది. హీరో ఒక సినిమా షూటింగ్‌లో ఎక్స్‌ట్రాగా, నాజీల కాలంలో యూదుల చేత బలవంతంగా పెట్టించిన పసుపు నక్షత్రం తగిలించుకుని, వంతెన మీద నడిపించుకెళ్తున్న యూదుల గుంపులో ఉంటాడు. అవతల మనుషులు తక్కువయ్యారని అతన్ని పిలిచి, నక్షత్రం తీసేసి, ఫాసిస్టుల పట్టీ కట్టి కాపలావాళ్లలో నిలబెడతారు. మనిషి అదే, చేతిపట్టీ ఒక్కటే మారింది. ఆయన గతం గురించి ఎవరికీ తెలియని రోజుల్లో తీసిన సీను ఇది! ఒప్పుకోలు అని నేననను, ఒప్పుకోవాల్సినప్పుడు ఆయన ఒప్పుకోలేదు కూడా. అయినా ఆ ప్రశ్న ఆయన్ని జీవితమంతా వదల్లేదని సినిమాలే చెబుతున్నాయి.

ప్రశ్న: ‘మెఫిస్టో’కి ఆస్కార్ వచ్చిందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వచ్చింది. 1982లో ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా, హంగరీకి ఆ విభాగంలో అదే మొదటిది. మళ్లీ వాళ్లకి ఆ అవార్డు రావడానికి 2016 దాకా పట్టింది, లాస్లో నెమెష్ ‘సన్ ఆఫ్ సాల్’తో.

ప్రశ్న: ‘మెఫిస్టో’ తర్వాత ఏది చూడమంటారు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అందరూ ‘కర్నల్ రెడల్’ (1985) అంటారు, అదే నటుడు క్లాస్ మరియా బ్రాండావర్ కదా అని. మంచి సినిమానే. ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో పేదింటి నుంచి పైకొచ్చిన సైనికాధికారి కథ. సాబో, బ్రాండావర్ కలిసి చేసిన ‘హనుస్సెన్’ (1988) నాకు అంతగా పట్టలేదు.

నేనైతే ముందు ‘కాన్ఫిడెన్స్’ (1980) చూడమంటాను. యుద్ధం చివరి రోజుల బుడాపెస్ట్, ముక్కూ మొహం తెలీని ఒక ఆడా మగా భార్యాభర్తలమని చెప్పుకుంటూ ఒకే గదిలో దాక్కోవాలి. బయట ఫాసిస్టులు, లోపల ఒకరి మీద ఒకరికి అనుమానం. ప్రేమ పుట్టాక కూడా అతను ఆమెను పూర్తిగా నమ్మలేకపోతాడు, ఆ టెన్షన్‌తోనే సినిమా మొత్తం నడుస్తుంది. బెర్లిన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో సాబోకి ఉత్తమ దర్శకుడి అవార్డు తెచ్చింది ఇదే. తీరిక దొరికినప్పుడు ‘సన్‌షైన్’ (1999) పెట్టుకోండి, మూడు గంటలు, ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. ఒకే యూదు కుటుంబంలో తాత, తండ్రి, కొడుకు ముగ్గురుగానూ రాల్ఫ్ ఫైన్స్ నటించాడు. మూడో తరంవాడు కమ్యూనిస్టు పోలీసుల్లో చేరి, తాను గౌరవించే మనిషినే విచారించాల్సి వచ్చే భాగాన్ని మాత్రం ఫోన్ పక్కన పెట్టి చూడండి.