బోచీ బెంచీ, మీవాడి బెంచీ

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయి పదకొండో తరగతి. స్కూల్ బేస్‌బాల్ జట్టులో రెండో క్యాచర్ (క్రికెట్‌లో వికెట్‌కీపర్ లాంటివాడు), ఎక్కువగా బెంచీ మీదే. 'ఆటగాడిగా పైకి రాకపోతే మేనేజర్‌నవుతా' అంటున్నాడు. గుంటూరులో వాళ్ళ నాయనమ్మ మేనేజర్ అనగానే సంబరపడిపోయింది. మాకు మాత్రం భయంగా ఉంది. కంప్యూటర్ సైన్స్‌లో చేరమని పట్టుబట్టమంటారా? – ఒక తండ్రి

జవాబు: ముందు నాయనమ్మగారికి చెప్పండి, ఈ మేనేజర్‌కి ఏసీ క్యాబిన్ ఉండదు. ఆటగాళ్ళలాగే యూనిఫాం వేసుకుని డగౌట్‌లో, అంటే మైదానం పక్కన జట్టు కూర్చునే చోట నిలబడతాడు. ఎవరు ఏ వరసలో బ్యాటింగ్‌కి దిగాలో, పిచ్చర్‌ని, అంటే బంతి విసిరేవాణ్ణి, ఎప్పుడు మార్చాలో తేల్చేది ఆయనే. అమెరికా బేస్‌బాల్‌లో పై మెట్టయిన మేజర్ లీగ్‌లో జట్లు 30, కాబట్టి ఈ కుర్చీలూ ముప్ఫయ్యే.

మీకు దగ్గర్లోనే, ఆర్లింగ్టన్‌లో ఆడే రేంజర్స్ జట్టుకు మేనేజర్‌గా 2023లో వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ టైటిల్) తెచ్చిపెట్టిన బ్రూస్ బోచీ కూడా క్యాచరే, బెంచీ మనిషే. 1978 నుంచి 1987 దాకా తొమ్మిది సీజన్లలో మూడు జట్లకు కలిపి ఆడినవి 358 మ్యాచ్‌లు. సీజన్‌కి 162 మ్యాచ్‌లుండే ఆటలో అవెంతని! ఆట మానాక 1989లో స్పొకేన్ అనే ఊళ్ళో, మైనర్ లీగ్ కింది మెట్టు మీద కుర్రాళ్ళ జట్టుకు మేనేజరయ్యాడు. 1995కి గాని శాన్‌డియేగో పాడ్రెస్ పగ్గాలు చేతికి రాలేదు. ఆ తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌ని 2010, 2012, 2014లో విజేతగా నిలబెట్టాడు.

మిగతా ఎనిమిది మందికీ ఎదురుగా కూర్చుని మైదానమంతా చూసేది క్యాచర్ ఒక్కడే. పిచ్చర్ చెయ్యి అలిసిందని ముందు తెలిసేదీ అతని గ్లవ్‌కే. అందుకే క్యాచర్లలోంచి ఇంతమంది మేనేజర్లు వచ్చారని నా నమ్మకం.

ఇక చేదు మాట. మేజర్ లీగ్ దాకా ఎక్కి అక్కడ బెంచీ మీద కూర్చోవడం వేరు, స్కూల్ జట్టులో కూర్చోవడం వేరు. ఆ మెట్లు ఎక్కుతున్నప్పుడు డబ్బు పెద్దగా రాదు. మీ ఊళ్ళోనే ఆడే రఫ్‌రైడర్స్ డబుల్-ఏ జట్టు, అంటే మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద. 2023 ఒప్పందంలో ఆ స్థాయి ఆటగాడికి పెట్టిన కనీస జీతం ఏడాదికి 30,250 డాలర్లు. ఫ్రిస్కో లాంటి ఊళ్ళో అదేమంత డబ్బు కాదు.

అయినా పట్టుబట్టకండి. కంప్యూటర్ సైన్సో, స్టాటిస్టిక్సో చదువుతూనే కాలేజీ జట్టులో ఉండొచ్చు. కాలేజీ ఆటల్లో మూడో శ్రేణి అయిన డివిజన్-3 కాలేజీల్లో ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వరు గానీ ఆడే అవకాశం ఎక్కువ. పైగా ఇప్పుడు ప్రతి క్లబ్బులోనూ డేటా, వీడియో చూసేవాళ్ళు కావాలి, అటునుంచీ డగౌట్‌కి దారి ఉంది. స్కూల్లో స్పానిష్ మాత్రం వదలనివ్వద్దు. డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా నుంచి వచ్చిన పిచ్చర్‌తో మౌండ్ (బంతి విసిరే దిబ్బ) మీద అర నిమిషం మాట్లాడాలంటే అది బాగా పనికొస్తుంది.

బెంచీ మీదున్నప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టుకోమనండి. కోచ్ పిచ్చర్‌ని మార్చకముందే 'నేనైతే ఎవర్ని దింపుతా, ఎందుకు' అని రాయాలి. ఆట అయ్యాక సరిచూసుకోవాలి.

ఈ వేసవిలో చిన్నపిల్లల జట్టుకు సాయంగా పంపండి. పదేళ్ళవాడు బంతిని కొట్టలేక స్ట్రైకౌటై ఏడుస్తూ వస్తే మీవాడు ఏం చేస్తాడో దూరంగా నిలబడి చూడండి. చూశాక మళ్ళీ నాకు రాయండి.