గల్లాపెట్టె దగ్గర గొడవలు

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో మాకు చిన్న కర్రీ పాయింట్ ఉంది. మా ఆయన చేతి వంటకు పేరుంది, నోటికే అదుపు లేదు. ‘కూర తక్కువుంది’, ‘డబ్బు కట్టేశాను’ అని ఎవరన్నా రభసే. ఏం చేయాలి?

జవాబు: ఆయన్ని పొయ్యి దగ్గరే ఉంచి, గల్లాపెట్టె దగ్గర మీరు కూర్చోండి. స్వభావం మారేదాకా గిరాకీ ఆగదు కదా!

కూర కొలతకు గరిటె అంచనా వద్దు. ముక్కలు అడుక్కి దిగి, ముందొచ్చినవారికి పులుసే పడుతుంది. ప్రతిసారీ అడుగంటా కలిపి, అంకె కొనేవారికి కనిపించేలా 250 గ్రాములు తూచండి.

యూపీఐ తగువు ఇంకాస్త చిక్కు. సౌండ్‌ బాక్స్ పలకలేదంటే డబ్బు రాలేదని కాదు. దాని సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా, ఛార్జింగ్ అయిపోయినా మూగబోతుంది. అలాగని స్క్రీన్‌షాట్‌నూ నమ్మకండి. మీ యాప్‌లో లావాదేవీలు తెరిచి, 12 అంకెల రిఫరెన్స్ నంబరు సరిచూడండి. లేకపోతే ఆ నంబరు రాసుకుని, ‘మాకు ఇంకా చేరలేదండీ’ అనండి, ‘మీరు కట్టలేదు’ అనకండి. రిజర్వ్ బ్యాంకు 2019 నిబంధన ప్రకారం అలా ఇరుక్కున్న సొమ్ము 5 రోజుల్లోగా కట్టినవారి ఖాతాకే తిరిగి వెళ్లాలి. రోజూ వచ్చే మనిషైతే పొట్లం ఇచ్చి పంపేయండి, ఖాతా పుస్తకంలో రాసుకుంటే సరి.