చూపున్న అమ్మాయికి స్క్రీన్ రీడర్ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ చదివి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా చేరింది. చూపులేనివారు వాడే స్క్రీన్ రీడర్ (తెరమీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) నేర్చుకోమని ఆఫీసులో శిక్షణకు పంపుతున్నారు. కళ్లున్న పిల్లకు ఇదేం ఖర్మ? మానేసి డేటా సైన్స్ కోర్సులో చేరితే మంచిదా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: రెండు దారులను పోల్చి చెప్పమన్నారు గాని, అమ్మాయిని అసలు పని నుంచి తప్పించి ఏదో సేవా కార్యక్రమంలోకి నెట్టేశారన్నదే మీ భయమని ప్రశ్న చదివితే తెలుస్తోంది. ఇదే భయంతో నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. నిశ్చింతగా ఉండండి, ఇది పూర్తిగా ఉద్యోగానికి పనికివచ్చే విద్య. డిజిటల్ సేవలను అందుకోవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో తీర్పునిచ్చింది. బ్యాంకింగ్, ఈ-కామర్స్ వంటి సేవలు దివ్యాంగులకూ అందాలనే చట్టం యూరప్‌లో 2025 జూన్ 28 నుంచి అమలవుతున్నందున, అక్కడి సంస్థలకు పనిచేసే మన కంపెనీలకూ వెబ్‌సైట్లు, యాప్‌లు స్క్రీన్ రీడర్‌తో సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసే పరీక్షలు తప్పవు.

'ఇదేం ఖర్మ' అన్న మాట మాత్రం ఇంట్లో కూడా అనకండి. ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌ను 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టినవారు చూపులేని ఇద్దరు యువ ప్రోగ్రామర్లు. రేపు మీ అమ్మాయికి గురువు, పక్క సీటులో సహోద్యోగి అలాంటివారే కావచ్చు.

చూపున్నవారికి ఈ విద్య అంత సులభంగా పట్టుబడదు. పేరు పెట్టని బటన్ దగ్గర స్క్రీన్ రీడర్ 'బటన్' అని మాత్రమే చదివితే, తెరమీద బొమ్మ కనిపిస్తోంది గనుక అందులో లోపమే వారికి తోచదు. అందుకే తెరను నల్లగా చేసే 'స్క్రీన్ కర్టెన్' పెట్టి సాధన చేయాలి. ట్యాబ్ మీట ఒక్కటే నొక్కుతూ పోతే లింకులు, బటన్లు, నింపవలసిన గళ్లు తప్ప మామూలు పేరాలు వినిపించవు. పేరాలకు కింది బాణం, శీర్షికలకు హెచ్ మీట వాడాలని తెలియనివారు లేని తప్పులను రిపోర్టుల్లో రాస్తుంటారు. రోజూ దానితోనే పనిచేసే చూపులేని వ్యక్తి పక్కన కూర్చుని నేర్చుకోవడం అన్నిటికంటే మేలు. ఎంత నేర్చినా చూపులేనివారి అనుభవం తనకు తెలిసిపోయిందని ఆమె అనుకోకూడదు, పరీక్షించే పనిలో వారి స్థానాన్ని తాను తీసుకోకూడదు.

ఇక డేటా సైన్స్ విషయంలో నా అనుమానాలు దాచుకోను. గణాంకశాస్త్రం మీద ఇష్టం, కోడింగ్‌లో పట్టు ఉన్నవారికి అది మంచి రంగమే. కానీ మీరు చెప్పే కోర్సు అమ్మాయి కోరుకున్నదా, మీ బంధువుల పిల్లలు చేరారని మీరు కోరుకుంటున్నదా? లక్షల్లో ఫీజు కట్టి, అందరి దగ్గరా ఉండే సర్టిఫికెట్‌తోనే ఇంటర్వ్యూలకు తిరిగే పిల్లలను చూస్తున్నాను కాబట్టి ఇంత కటువుగా అడుగుతున్నాను. కొన్ని వారాల్లో యాక్సెసిబిలిటీ (దివ్యాంగులూ వాడుకోగలిగేలా చేయడం) నిపుణులను చేస్తామనే ప్రకటనలనూ నేను ఇలాగే అనుమానిస్తాను.

స్క్రీన్ రీడర్ మీటలు నేర్చినంత మాత్రాన కెరీర్ ఏర్పడదు. దానితోపాటు వెబ్ పేజీలను రాసే హెచ్‌టీఎంఎల్ బాగా తెలియాలి, వెబ్‌సైట్లు దివ్యాంగులకూ అందేలా ఎలా ఉండాలో చెప్పే డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణాలు చదవాలి. లోపం ఎక్కడుందో డెవలపర్‌కు అర్థమయ్యేలా రాయగలగాలి. జీతం తీసుకుంటూనే ఇవన్నీ నేర్చుకునే వీలు ఆమెకు ఇప్పుడు దొరికింది. శిక్షణ పూర్తిచేసి ఒకటి రెండు ప్రాజెక్టుల్లో పనిచేయనివ్వండి. ఆ తర్వాత కూడా డేటా సైన్స్ కావాలని తనే అడిగితే అప్పుడు ఫీజు కట్టండి.