టెక్ సందేహాలు: డ్రైవర్ చూపు రోడ్డు మీదే నిలవాలంటే

ప్రశ్న: మాకున్న రెండు గూడ్స్ బండ్లు రాత్రిపూట అనంతపురం నుంచి హైదరాబాద్‌కు చీనీకాయలు తీసుకువెళ్తాయి. డ్రైవర్లు ఫోన్ చూస్తూ నడుపుతున్నారని అనుమానంగా ఉంది. జీపీఎస్ ఇప్పటికే ఉంది. ఇంకేమి పెట్టించాలి? – ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: బండి ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో జీపీఎస్ చెబుతుంది గాని డ్రైవర్ చూపు ఎటుందో దానికి తెలియదు. మీకు కావలసింది డ్రైవర్ వైపు తిరిగి ఉండే, డీఎంఎస్ (డ్రైవర్‌ను గమనించి హెచ్చరించే ఏర్పాటు) సదుపాయం గల డ్యాష్‌క్యామ్, అంటే డ్యాష్‌బోర్డు దగ్గర బిగించే కెమెరా. అది కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగును ముఖం మీదికి పంపి, తల ఎటు తిరిగిందో, రెప్పలు ఎంతసేపు మూసుకున్నాయో గమనిస్తుంది కాబట్టి చీకటి క్యాబిన్‌లోనూ పనిచేస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఒక మెసేజ్ చదవడానికి మూడు సెకన్లు తల దించితే 44వ నంబరు జాతీయ రహదారి మీద 66 మీటర్ల దూరం చూడకుండా నడిపినట్టే. ఐరోపా సమాఖ్యలో కొత్త మోడల్ వాహనాలకు ఇలాంటి హెచ్చరిక వ్యవస్థను 2024 జూలై నుంచి తప్పనిసరి చేశారు.

కొనేముందు ఒక్క విషయం గట్టిగా అడగండి: నెట్ సిగ్నల్ లేని చోట కూడా క్యాబిన్‌లో బీప్ మోగుతుందా? తెల్లవారాక యజమానికి వీడియో చూపించే పరికరం జరిగిన తప్పును చూపుతుందే తప్ప ఆపలేదు. స్టీరింగ్ అడ్డు రాని చోట బిగించి, మొదటి వారం సెన్సిటివిటీని సరిచేయించండి. అద్దం చూసిన ప్రతిసారీ మోగితే డ్రైవర్ దాని మీద గుడ్డ కప్పేస్తాడు. కెమెరా ఎందుకు పెడుతున్నారో, వీడియో ఎవరు చూస్తారో అతనికి ముందే చెప్పడం న్యాయం.

కెమెరా కంటే ముందు చేయవలసిన పని మరొకటి ఉంది. రాత్రి ప్రయాణంలో మీ డ్రైవర్‌కు వచ్చిన ఫోన్లలో మీవెన్ని, మండీవాళ్లవెన్ని అని కాల్ లాగ్ చూడండి. “ఎక్కడిదాకా వచ్చినావు?” అన్న ప్రశ్నకు జవాబు మీ జీపీఎస్ యాప్‌లోనే ఉంటుంది. లైవ్ లొకేషన్ లింకును మండీవాళ్లకు పంపండి, బండి కదులుతున్నంతసేపు మీరూ ఫోన్ చేయకండి.

ప్రశ్న: కారులో బ్లూటూత్‌తో మాట్లాడితే పరవాలేదా? – ఒక పాఠకురాలు, కడప

జవాబు: బ్లూటూత్ చేతులకు విడుదల ఇస్తుందే గాని మనసుకు ఇవ్వదు, మాట సాగేకొద్దీ ధ్యాస రోడ్డు మీద తగ్గుతుంది. చేతిలో పట్టుకునే ఫోన్‌ను నడిపేటప్పుడు దారి చూసుకోవడానికే, అదీ ఏకాగ్రత చెదరకుండా, వాడాలని 2020లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. ఐఫోన్‌లో 2021 నుంచి ఉన్న, నడిపేటప్పుడు నోటిఫికేషన్లను ఆపి ఉంచే డ్రైవింగ్ ఫోకస్‌ను కారు బ్లూటూత్ తగలగానే దానంతటదే మొదలయ్యేలా పెట్టుకోవచ్చు. నడుపుతున్నారన్న సందేశం అవతలివారికి అదే పంపుతుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగ్స్‌లోనూ డ్రైవింగ్ మోడ్ ఉంటుంది. అత్యవసరంగా ఫోన్ చేయగలవారిగా ఇంట్లో ఇద్దరి పేర్లు మాత్రమే అందులో ఉంచండి.